రిమ్ము మీద తుప్పు చుక్కలు: ఆసిడ్ పక్కన పెట్టండి, నీళ్లు ఆరబెట్టండి

ప్రశ్న: నా మోటారు సైకిలుకు స్పోకుల చక్రాలు, క్రోమ్ పూత వేసిన రిమ్ములు ఉన్నాయి. బండి కొని నాలుగేళ్లయింది. వారానికొకసారి తప్పకుండా కడుగుతాను. అయినా ఈ వర్షాల తరవాత స్పోకులు రిమ్ములోకి దిగే చోట గోధుమ రంగు చుక్కలు పుట్టుకొచ్చాయి. తెలిసినవారు చెబితే మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌ను నీళ్లలో కలిపి తుడిచాను. ఆ పూట అద్దంలా మెరిసింది గాని, రెండు వారాలు తిరిగేసరికి చుక్కలు మునుపటికన్నా ఎక్కువయ్యాయి, మెరుపు కూడా పాలిపోయింది. మా తమ్ముడి బండికి నల్లని అలాయ్ చక్రాలు. వెనుక చక్రం ఎంత కడిగినా జిడ్డు వదలదు, అంచున ఒకచోట రంగు కింద తెల్లటి పొక్కులు లేచాయి. ఈ రెండు రకాల చక్రాలను దేనితో శుభ్రం చేయాలి? మళ్లీ పాడవకుండా ఏం రాయాలి? నా రిమ్ములకు కొత్తగా క్రోమ్ పూత వేయించడం మంచిదా?

సమాధానం: మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీ శ్రద్ధలో లోపమేమీ లేదు. లోపం ఆ ఆసిడ్‌లో ఉంది. అంతకంటే ముందు, కడిగిన నీళ్లు పూర్తిగా ఆరకుండానే బండిని నిలబెట్టేయడంలో ఉండి ఉంటుంది.

మరుగుదొడ్లు కడిగే ద్రవాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ఒక వస్తువుకు కొత్తగా క్రోమ్ పూత వేయాలంటే ముందు పాత పూతను కరిగించి తీసేయాలి కదా, ఆ పనికి ప్లేటింగ్ చేసేవారు వాడే రసాయనాల్లో ఈ ఆమ్లమూ ఒకటి. తుప్పును అది చకచకా కరిగిస్తుంది కాబట్టి ఆ పూట మీ రిమ్ము అద్దంలా కనిపించింది. తుప్పుతోపాటు పూతను కూడా కొంత తినేసి, స్పోకుల మొదళ్లలోని సందుల్లో తుప్పును పెంచే క్లోరైడును వదిలిపెట్టింది కాబట్టి రెండు వారాల్లోనే చుక్కలు పెరిగాయి. ఎంత పలచన చేసినా సరే, ఇక ఆ ద్రవాన్ని చక్రాల దగ్గరికి తీసుకురావద్దు.

క్రోమ్ రిమ్ము అంటే అంతా క్రోమియమే అనుకుంటాం గాని, లోపల ఉన్నది మామూలు ఉక్కు. దాని మీద నికెల్ పొర, ఆ పైన క్రోమియం పొర ఉంటాయి. మెరుపు కోసం వేసే ఈ క్రోమియం పొర సాధారణంగా అర మైక్రానుకు మించదు, అంటే తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదని చెప్పవచ్చు. అది సులభంగా గీతలు పడనంత గట్టిదే, కానీ అందులో కంటికి కనిపించని సన్నని పగుళ్లు, రంధ్రాలు ఉంటాయి; వాటి కింద నికెల్ కూడా ఎక్కడైనా తెగితే నీరు నేరుగా ఉక్కును చేరుతుంది. జింకు పూత పూసిన ఇనుప రేకు మీద గీత పడితే జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. నికెల్, క్రోమియం పూతల తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం: పూత చెక్కుచెదరదు, ఉక్కే కరుగుతుంది, పైగా చుట్టూ ఉన్న పూత ఎంత విశాలంగా ఉంటే సూదిమొనంత రంధ్రంలోని ఉక్కు అంత వేగంగా కరుగుతుంది. అందుకే క్రోమ్ రిమ్ము మీద తుప్పు పొరలా పరుచుకోకుండా చుక్కలు చుక్కలుగా లోతుకు దిగుతుంది. మీకు కనిపిస్తున్న గోధుమ రంగు చుక్క ఆ రంధ్రం నుంచి బయటికి ఊరిన మరక మాత్రమే. మరకను తీసేయవచ్చు, రంధ్రంలోకి నీరు దిగకుండా మైనంతో మూయవచ్చు, అంతేగాని రంధ్రం లేనట్టు చేయగల పాలిష్ ఏదీ లేదు.

ఏ చక్రానికైనా మందు ఎంచుకునే ముందు అది ఏ లోహం, దాని మీద ఉన్న పూత ఏది అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకదానికి మేలు చేసేది మరొకదానికి కీడు చేస్తుంది. ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతాన్ని రిమ్ముకు ఆనించి చూడండి. అంటుకుంటే ఉక్కు, జారిపోతే అల్యూమినియం. అల్యూమినియం అయితే ఒక తెల్లని నూలు గుడ్డ కొసకు లోహాలను మెరిపించే పాలిష్ చిటికెడు అద్ది, వాల్వు పక్కన ఎవరికీ కనిపించని చోట గోరంత మేర రెండు మూడు సార్లు మెల్లగా రుద్దండి. గుడ్డ నల్లబడితే అది పూత ఏదీ లేని ఉత్త అల్యూమినియం, గుడ్డకు చక్రం రంగు అంటితే అది పైన లాకర్ అనే పారదర్శకమైన పూత లేని పెయింటు, ఏమీ అంటకపోతే పైన ఆ లాకర్ ఉన్నట్టు. మీ తమ్ముడి చక్రాలు బహుశా ఈ చివరి రకమే.

ఆనొడైజ్ చేసిన రిమ్ముల మీద మాత్రం ఈ గుడ్డ పరీక్ష కూడా వద్దు. బంగారు రంగులోనో, మెరుపు తక్కువగా ఉండే నలుపులోనో కనిపించే స్పోకుల రిమ్ము అయస్కాంతానికి అంటుకోలేదంటే అది ఆనొడైజ్డ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ రంగు పైన పూసినది కాదు, అల్యూమినియం మీద విద్యుత్తుతో పెంచిన ఆక్సైడు పొరలో ఇంకించినది. అలాంటి రిమ్ములున్న బండి ఒకప్పుడు నా దగ్గర ఉండేది. క్రోమ్ పాలిష్‌తో వాటిని ఇంకా మెరిపిద్దామన్న ఉత్సాహంతో జానెడు మేర గట్టిగా రుద్దాను. బంగారు రంగు వెలిసి తగరం రంగు బయటపడింది, బండి అమ్మేదాకా ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. ఆనొడైజ్డ్ రిమ్ముకు మెత్తని షాంపూ, నీళ్లు, మెత్తని గుడ్డ, ఆపైన మైనం చాలు.

అల్యూమినియానికి సహజంగా ఉండే రక్షణ కూడా ఆక్సైడు పొరే. ఆ పొర ఘాటైన ఆమ్లంలోనూ కరుగుతుంది, ఘాటైన క్షారంలోనూ కరుగుతుంది. అందువల్ల ఆసిడ్‌తోపాటు చాకలి సోడా, కాస్టిక్ సోడా, పొయ్యిల జిడ్డు వదిలించే ఘాటైన ద్రవాలు కూడా అలాయ్ చక్రాలకు పనికిరావు. చక్రాల కోసం అమ్మే ద్రవం కొనేటప్పుడు పీహెచ్ 7కు దగ్గరగా ఉందని, అంటే అది ఆమ్లమూ క్షారమూ కాదని, డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాని, అమ్మోనియం బైఫ్లోరైడ్ గాని ఉన్నదాన్ని ఎంత బాగా పనిచేస్తుందని చెప్పినా కొనవద్దు; అవి లోహాన్ని మాత్రమే కాదు, చర్మంలోంచి లోపలికి దిగి ఎముకను కూడా దెబ్బతీయగలవు.

ఇక మురికి సంగతి. ముందు చక్రం మురికి వేరు, వెనుక చక్రం మురికి వేరు. డిస్కు బ్రేకు ఉన్న ముందు చక్రం మీద బ్రేకు ప్యాడ్లు అరిగి రాలిన బూడిద రంగు పొడి పేరుకుంటుంది. డ్రమ్ము బ్రేకు అయితే ఆ పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది. వెనుక చక్రం మీద మీరు చెప్పిన నల్లని జిడ్డు చైను నుంచి చిమ్మిన నూనె, దానికి అంటుకున్న దుమ్ము. షాంపూకు అది లొంగకపోవడంలో వింతేమీ లేదు. కొద్దిగా కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిస్తే ఇట్టే వదులుతుంది, కానీ కిరోసిన్‌ను గుడ్డకే పట్టించాలి, చక్రం మీద పోయకూడదు, పిచికారీ చేయకూడదు. అది టైరు రబ్బరును పాడు చేస్తుంది, బ్రేకు డిస్కు మీద పడితే పట్టు పోగొడుతుంది. పెట్రోలు అసలే వద్దు, దాని ఆవిరికి నిప్పురవ్వ చాలు. జిడ్డు వదిలాక షాంపూ నీళ్లతో కిరోసిన్ మరకను కూడా కడిగేయాలి. మీ తమ్ముడి చక్రం ప్రతి వారం నల్లబడుతోందంటే చైనుకు నూనె ఎక్కువ పెడుతున్నారని అర్థం. బండి తిరిగి వచ్చాక చైను వెచ్చగా ఉన్నప్పుడు లోపలి వైపు పలచగా పట్టించి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పైకి తేలిన నూనెను పొడి గుడ్డతో తుడిచేస్తే సగం జిడ్డు పుట్టకుండానే పోతుంది.

బ్రేకు పొడిలోని ఇనుప రేణువులు లాకర్‌లో దిగబడి తుప్పు పట్టి నారింజ రంగు చుక్కల్లా కనిపిస్తే, ఇనుమును కరిగించే ప్రత్యేక ద్రవాలు దొరుకుతాయి. వాటిలో ఉండే థయోగ్లైకోలేట్ లవణం ఇనుముతో కలిసి ఊదా రంగులోకి మారుతుంది, కుళ్లిన గుడ్డు లాంటి వాసన వేస్తుంది, వేసిన కొద్ది నిమిషాల్లోనే కడిగేయాలి. కానీ మోటారు సైకిళ్లకు సాధారణంగా స్టెయిన్‌లెస్ ఉక్కు డిస్కులు ఉంటాయి గనుక, పోత ఇనుప డిస్కులున్న కార్ల చక్రాలంతగా వీటికి ఆ అవసరం రాదు. ఏడాదికొకసారి చాలు. క్రోమ్ చుక్కల మీద దాన్ని పోసి అద్భుతం జరుగుతుందని ఎదురు చూడవద్దు.

కడిగే పద్ధతిలో కొన్ని మెలకువలున్నాయి. ఎండలో, వేడిగా ఉన్న చక్రం మీద మొదలుపెట్టవద్దు. సబ్బు నీరు కడిగేలోపే ఎండి మరకలు కడుతుంది. ఇంజను ఆపి, బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజను నడిపిస్తూ తిరిగే చక్రానికి గుడ్డ ఆనించి తుడిచేవారిని చూశాను. గుడ్డ చైనులోనో స్ప్రాకెట్టులోనో చిక్కుకుంటే దానితోపాటు వేళ్లూ వెళ్లిపోతాయి, రెప్పపాటు వ్యవధి కూడా దొరకదు. ముందుగా ఉత్త నీళ్లతో ఇసుకను, మట్టిని జారవిడవండి, ఎందుకంటే ఇసుక రేణువు ఉండగా గుడ్డతో రుద్దడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమే. చక్రాలకు వాడిన గుడ్డను, బకెట్టును ట్యాంకుకు వాడవద్దు. స్పోకుల మొదళ్లకు పాత టూత్‌బ్రష్‌కు మించిన పనిముట్టు లేదు. నీటిని ఒత్తిడితో చిమ్మే యంత్రం వాడితే దాని ముక్కును హబ్బు బేరింగుల మీదికి, చైను మీదికి, స్పోకుల మొదళ్లలోకి గురిపెట్టవద్దు, సీళ్లను దాటి లోపలికి వెళ్లిన నీరు బయటికి రాదు. సముద్రపు గాలి తగిలే చోటైనా, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోటైనా తిరిగి వచ్చిన రోజునే చల్లని నీళ్లతో చక్రాలను కడగాలి. వేడి నీరు ఉప్పు చేసే పనిని ఇంకా వేగవంతం చేస్తుంది.

మీ రిమ్ములో చుక్కలు ఎక్కడ వచ్చాయో మీరే రాశారు: స్పోకులు రిమ్ములోకి దిగే చోట. అక్కడ ప్రతి నిపుల్ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) చుట్టూ ఒక చిన్న గుంట ఉంటుంది. గుడ్డ అందులోకి వెళ్లదు, గాలి ఆడదు, కడిగిన నీటి బొట్టు మర్నాటిదాకా అక్కడే కూర్చుంటుంది. అంటే వారం వారం మీరు శుభ్రం చేస్తున్నామనుకుంటూ ఆ గుంటలకు వారం వారం నీళ్లు పోస్తున్నారు. కడగడం అయ్యాక చక్రాన్ని గట్టిగా తిప్పి వదిలితే కొంత నీరు విసురుగా పోతుంది. ఆ తరవాత పొడి గుడ్డను తాడులా మెలిపెట్టి ఒక్కొక్క స్పోకు మొదలు చుట్టూ లాగండి, గాలి ఊదే పంపు ఉంటే ప్రతి గుంటలోకీ ఒకసారి ఊదండి, చివరికి బండిని నాలుగు వీధులు తిప్పుకు రండి. కడగడానికి పది నిమిషాలు పడితే ఆరబెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టాలి. అంత తీరిక లేని రోజున తడి గుడ్డతో తుడిచి ఊరుకోవడమే మేలు.

ఈ పని చేస్తున్నప్పుడే చిన్న స్పానరుతో ఒక్కో స్పోకును తాకించి వినండి. బిగువుగా ఉన్నవన్నీ దాదాపు ఒకే తీరుగా ఖంగుమంటాయి. వదులైనది చప్పగా పలుకుతుంది. దాన్ని మీరే బిగించవద్దు, చక్రం వంకర పోతుంది. గుర్తు పెట్టి మెకానిక్‌కు చూపించండి.

ఇప్పుడున్న చుక్కలను తీయడానికి వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ చాలు. అరచేతంత ముక్కను ఉండగా నలిపి, నీళ్లలో ముంచి, చుక్క మీద మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమియం కన్నా చాలా మెత్తనిది కాబట్టి పూత గీసుకుపోయే భయం తక్కువ, తుప్పు మాత్రం రాలిపోతుంది. నీళ్లు మురికి రంగుకు తిరుగుతాయి. తుడిచి చూసి, ఇంకా ఉంటే కొత్త ముక్కతో మళ్లీ రుద్దండి. మొండి చుక్కలకు ఇత్తడి పీచు వాడవచ్చు. గిన్నెలు తోమే ముతక ఇనుప పీచును మాత్రం ముట్టవద్దు, దాని తునకలు గుంటల్లో మిగిలి అవే కొత్త తుప్పుకు విత్తనాలవుతాయి. తుప్పు పోయాక చోటంతా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, క్రోమ్ పాలిష్ ఒక్కసారి పలచగా వేసి తుడవండి. దగ్గరగా చూస్తే చుక్క ఉన్నచోట ఆవగింజలో సగమంత నల్లని గుంట కనిపిస్తుంది. అది పోదు. ఆసిడ్ తిన్నచోట పాలిపోయిన మెరుపు కూడా పూర్తిగా తిరిగి రాదు, పాలిష్‌తో కొంత మెరుగుపడుతుంది.

అదే రోజున మైనం పట్టించాలి, ఎందుకంటే శుభ్రం చేసిన రంధ్రంలో బయటపడిన ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. కార్నౌబా మైనమైనా, కృత్రిమ సీలెంటైనా సరే; మొదటిది కొన్ని వారాలు, రెండోది కొన్ని నెలలు నిలుస్తుంది. వేలికి గుడ్డ చుట్టుకుని పలచగా రాసి, ఆరాక మెరుగుపెట్టండి. నిపుళ్ల చుట్టూ మాత్రం మెరుగుపెట్టకుండా కాస్త మందంగానే వదిలేయండి, అందం కన్నా అక్కడ అడ్డు ముఖ్యం. నీళ్లు చల్లినప్పుడు ముత్యాల్లా దొర్లకుండా పలచగా పరుచుకుంటున్నాయంటే మళ్లీ రాసే సమయం వచ్చినట్టు. బండిని నెలల తరబడి వాడకుండా పెట్టేటప్పుడు క్రోమ్ మీద పెట్రోలియం జెల్లీ పలచగా పూసి, తిరిగి వాడే ముందు తుడిచేయవచ్చు. సిరామిక్ కోటింగ్ గురించి మీరు అడగలేదు గాని, అడిగేవారు చాలామంది ఉన్నారు: నున్నగా, వెడల్పుగా ఉండే అలాయ్ చక్రాలకు అది తగినదే, ముప్పై ఆరు గుంటలున్న స్పోకుల రిమ్ముకు దాన్ని సరిగా పట్టించడం ఎంత కష్టమో ఆలోచిస్తే మామూలు మైనమే నయమని నా అభిప్రాయం.

వీటిలో ఏదీ బ్రేకు డిస్కుకు గాని, టైరు రోడ్డును తాకే భాగానికి గాని అంటకూడదు. మైనం, పాలిష్, తుప్పు నిరోధించే స్ప్రే, టైరును నల్లగా మెరిపించే ద్రవం అన్నీ జారుడు పదార్థాలే. పని చేస్తున్నంతసేపు డిస్కు మీద ప్లాస్టిక్ సంచి కప్పి ఉంచండి. పొరపాటున పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోనో, బ్రేకు క్లీనరుతోనో తుడవండి. ప్యాడ్లలోకి ఇంకిందని అనుమానం వస్తే ప్యాడ్లు మార్చండి. కడిగాక మొదటిసారి బండి తీసినప్పుడు ఖాళీ చోట నెమ్మదిగా నడుపుతూ రెండు మూడు సార్లు బ్రేకు వేసి, పట్టు వచ్చిందని నిర్ధారించుకున్నాకే రోడ్డెక్కండి.

మీ తమ్ముడి చక్రం అంచున లేచిన తెల్లటి పొక్కులు అల్యూమినియం తుప్పు. రాయి తగిలో, టైరు మార్చేటప్పుడు ఇనుప కడ్డీ జారో లాకర్ చెదిరిన చోట నీరు, ఉప్పు లోపలికి దిగి, పూత కింద పురుగు పాకినట్టు సన్నని దారులు చేసుకుంటూ పోతాయి. పైన మైనం రాస్తే అది ఆగదు. లేచిన పూతను పూర్తిగా గీకి, 400 నంబరు ఉప్పుకాగితాన్ని తడిపి చుట్టూ గట్టిగా పట్టుకుని ఉన్న పూత వరకు నున్నగా రుద్ది, ఆల్కహాలుతో తుడిచి, అల్యూమినియానికి తగిన ప్రైమరు, రంగు, లాకరు వరుసగా వేయాలి. అరచేయి కన్నా చిన్న చోటైతే ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే పొక్కులు టైరు కూర్చునే గట్టు మీదికి పాకి ట్యూబ్‌లెస్ టైరులో గాలి మెల్లగా దిగుతుంటే, లేదా రంగు కింద సన్నని పగులు గీత కనిపిస్తే, రంగు వేసి కప్పిపుచ్చకుండా చక్రాన్ని నిపుణులకు చూపించాలి. చక్రానికి మొత్తంగా పౌడర్ కోటింగ్ చేయించాలనుకుంటే బేరింగులు కూర్చునే చోటు, డిస్కు బిగించే ముఖం, టైరు గట్టు మీద ఆ పూత పడకుండా మూసి ఉంచమని ముందే చెప్పండి.

మీ చివరి ప్రశ్నకు వస్తే, ఇప్పుడే కొత్త క్రోమ్ పూత వేయించవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అందుకు టైరు తీసి, స్పోకులన్నీ విప్పి, పాత పూతను కరిగించి, కొత్త పూత వేశాక మళ్లీ స్పోకులు అల్లి, వంకర లేకుండా చక్రాన్ని సరిచేయాలి. అంత శ్రమ పడేకన్నా, చాలా బండ్ల విషయంలో కొత్త రిమ్ము వేయించుకోవడమే సులువు. చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయినా, పూత పొలుసుల్లా లేస్తున్నా అప్పుడు ఆలోచించండి; ఆ పొలుసులు బ్లేడులా తెగుతాయి, ఒట్టి చేత్తో తుడవవద్దు. దానికన్నా ముందు మీరు చూడవలసింది రిమ్ము లోపలి వైపు. స్పోకుల రంధ్రాల గుండా లోపలికి దిగిన నీరు, ట్యూబుకు రిమ్ముకు మధ్య చుట్టే టేపు కింద నిలిచి, బయట నాలుగు చుక్కలే కనిపించే రిమ్మును లోపల పెచ్చులు లేచేదాకా తినగలదు, ఆ పెచ్చులు ట్యూబును కోస్తాయి. ఈసారి టైరు మార్చేటప్పుడు దగ్గర నిలబడి టేపు తీయించి చూడండి. పైపైన తుప్పు ఉంటే బ్రష్‌తో గీకించి, తుప్పు నిరోధించే పెయింటు వేయించి, అది పూర్తిగా ఆరాకే టైరు ఎక్కించనివ్వండి. పాత టేపునే తిరిగి చుట్టేయబోతారు; కొత్తది వేయమనండి.